ఇత్తడి, స్టీలు, ప్లాస్టిక్: మీ ఇంటి నీళ్లకు ఏ కుళాయి?

ఇల్లు కట్టేటప్పుడు సిమెంటు, ఇసుక, ఇనుము దగ్గర ప్రతి రూపాయికీ లెక్క చూసేవాళ్లు కూడా బాత్‌రూమ్ ఫిట్టింగ్స్ దగ్గరికి వచ్చేసరికి అలసిపోయి ఉంటారు. చేతిలో డబ్బు తగ్గిపోయి ఉంటుంది, గృహప్రవేశం ముహూర్తం తరుముకొస్తుంటుంది. షోరూంలో లైట్ల కింద కుళాయిలన్నీ ఒకేలా మెరుస్తుంటాయి. సేల్స్ అబ్బాయి "ఇది ప్రీమియం సార్" అంటాడు, ప్లంబర్ "మనకు తెలిసిన షాపు ఉంది, అక్కడ తీసుకుందాం" అంటాడు. ఆ హడావిడిలో ఏదో ఒకటి కొనేస్తాం. ఇంట్లో అందరి చేతులూ రోజుకు పదిసార్లు పడే వస్తువు ఇది. గోడలో బిగించాక మార్చాలంటే ఒక్కోసారి టైల్స్ పగలగొట్టాలి. అందుకే కొనేముందు కొంచెం కూర్చుని ఆలోచించడం అవసరం.

కుళాయి ఎంపిక మొదలవ్వాల్సింది మీ ఇంటి ట్యాంకు దగ్గర అని నా గట్టి అభిప్రాయం. ఒకే కంపెనీ, ఒకే మోడల్ కుళాయి రాజమండ్రిలో గోదావరి నీళ్ల మీద ఏళ్ల తరబడి ఏ గొడవా లేకుండా నడుస్తుంది. అదే కుళాయి సున్నం నిండిన బోరు నీళ్ల మీద రెండు మూడేళ్లకే బిగుసుకుపోవచ్చు. తప్పు కుళాయిది కాదు, ఆ నీళ్లకు ఆ కుళాయి ఎంచుకోవడంలో ఉంది.

## ముందు చూసుకోవాల్సినవి

నీళ్లు. ఇందులో మూడు విషయాలున్నాయి: సున్నం, ఉప్పు, ఇసుక. కుళాయికి ఈ మూడూ మూడు రకాల శత్రువులు.

సున్నం అంటే నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం. సబ్బు నురగ రాకపోయినా, కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడకపోయినా, కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు కట్టినా మీ నీళ్లలో అది ఎక్కువని అర్థం. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఈ కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకోవచ్చు. ఉప్పు సంగతి క్లోరైడ్ అంకె చెబుతుంది. దానికి అదే ప్రమాణం 250, గత్యంతరం లేకపోతే 1000 అంటుంది. సముద్రం దగ్గర ఊళ్లలో ఈ రెండో అంకె మీద కన్నుండాలి, ఎందుకంటే లోహాన్ని తినేది క్లోరైడే. ఇక కొత్త బోరు నుంచీ, అడుగున బురద పట్టిన సంపు నుంచీ వచ్చే ఇసుక రేణువులు కుళాయి లోపలి సీళ్లను గీకేస్తాయి.

చాలామంది ఆన్‌లైన్‌లో టీడీఎస్ మీటర్ కొని, అందులో అంకె చూసి నిర్ణయానికి వచ్చేస్తారు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన అన్నిటి మొత్తం. అందులో సున్నం ఎంతో, ఉప్పు ఎంతో అది విడదీసి చెప్పదు. జిల్లాల్లో గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులు ఉన్నాయి, ప్రైవేటు ల్యాబులూ ఉన్నాయి. ఒక సీసా నీళ్లు పట్టుకెళ్లి కఠినత్వం, క్లోరైడ్ విడిగా రాయించుకోండి. వేలు పోసి ఫిట్టింగ్స్ కొనేముందు ఈ ఖర్చు పెద్దది కాదు.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కు ఉంది. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి కదా అని ధీమాగా ఉంటారు. కానీ సంపులో ఆ నీళ్లతో పాటు బోరు నీళ్లు, ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు కూడా కలుస్తాయి. పరీక్షకు మీ బాత్‌రూంలోకి వచ్చే నీళ్లే ఇవ్వండి, ఎండాకాలంలో ఇస్తే ఇంకా మంచిది.

ప్రెషర్. నీటి మట్టానికీ కుళాయికీ మధ్య 10 మీటర్ల ఎత్తు ఉంటే సుమారు 1 బార్ ప్రెషర్ వస్తుంది. ఒకే అంతస్తు ఇంట్లో స్లాబ్ మీద రెండు మూడడుగుల దిమ్మె కట్టి ట్యాంకు పెట్టారనుకుందాం. ట్యాంకు అడుగు నుంచి షవర్ దాకా ఎత్తు రెండు మీటర్లు కూడా ఉండదు. అంటే 0.2 బార్ కంటే తక్కువ. షోరూంలో గుండ్రని పెద్ద రెయిన్ షవర్ కింద ధారగా కురిసే నీళ్లు పంపు పెట్టి తోస్తున్న నీళ్లు. చాలా డిజైనర్ షవర్లకు, ఒకే పిడితో వేడినీళ్లు, చన్నీళ్లు కలిపే సింగిల్ లివర్ మిక్సర్లకు సరిగా పనిచేయడానికి కనీసం 0.5 నుంచి 1 బార్ కావాలని కంపెనీలే డబ్బా మీదో, మోడల్ కాగితంలోనో రాస్తాయి. అది చదవకుండా కొంటే నెత్తిన చినుకులు రాలుతాయి. అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు వాళ్లదీ ఇదే పరిస్థితి. కింది అంతస్తుల వాళ్లకు ఈ బెంగ లేదు.

రిపేరు. ఏ కుళాయికైనా ఏదో ఒక రోజు పని పడుతుంది. ఆ రోజు లోపలి భాగం మీ ఊళ్లో దొరుకుతుందా, గోడ పగలగొట్టకుండా మార్చగలమా అన్నది కొనేముందే తేలాలి.

వాడే చేతులు. కీళ్లనొప్పులున్న అమ్మమ్మ, సబ్బు చేతులతో తిప్పే పిల్లలు, ప్రతిదీ బలంగా బిగించే వాళ్లు. ఇంట్లో ఎవరున్నారో చూసుకోండి.

రంగు, ఆకారం, బ్రాండు వీటి తర్వాతే.

## కుళాయి ఒళ్లు దేనితో చేసింది: నాలుగు దారులు

### ఇత్తడి

రాగి, జింకు కలిసిన లోహం. మార్కెట్‌లో మంచి కుళాయిల్లో ఎక్కువ భాగం ఇత్తడి పోత మీద నికెల్, ఆపైన క్రోమ్ పూత వేసినవే. గుజరాత్‌లోని జామ్‌నగర్‌కు బ్రాస్ సిటీ అని పేరు రావడానికి అక్కడ చిన్నా పెద్దా కార్ఖానాల్లో తయారయ్యే ఇత్తడి భాగాలే కారణం. మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే వాల్వులు, నిపుల్స్‌లో చాలా సరుకు అక్కడిదే.

ఇత్తడి బలం దాని మరల్లో ఉంది. పానాతో నాలుగుసార్లు విప్పి బిగించినా మర చెడదు. వేడినీళ్లకు బెదరదు. సున్నం పట్టినా శుభ్రం చేసుకోవచ్చు. బలహీనత ఉప్పు దగ్గర కనిపిస్తుంది. క్లోరైడ్ ఎక్కువున్న నీళ్లలో నాసిరకం ఇత్తడి నుంచి జింకు మెల్లగా కరిగిపోయి, ఎర్రటి రాగి గుల్లగా మిగులుతుంది. అప్పుడు మర గోడలోనే విరిగిపోతుంది.

ఇంకో విషయం వంటింటికి సంబంధించింది. మర సులువుగా కోయడానికి మామూలు ఇత్తడిలో కొద్దిగా సీసం కలుపుతారు. రాత్రంతా కుళాయిలో నిలిచిన నీళ్లలోకి అది కొంచెం చేరే వీలుంది. తాగడానికో వంటకో నేరుగా పట్టే కుళాయి అయితే పొద్దున్నే కాసేపు నీళ్లు వదిలి పట్టుకోవడం మంచిది, లేదా అక్కడ మాత్రం స్టీలు పెట్టుకోవచ్చు.

### స్టెయిన్‌లెస్ స్టీల్

304 గ్రేడు అయితే అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. పైన పూత ఉండదు కాబట్టి పూత లేచిపోవడం అనే మాటే లేదు. సీసం బెడద లేదు. మెరుపు తక్కువగా, గీతలు గీసినట్టుండే బ్రష్డ్ ఫినిష్ మీద నీటి మరకలు అంతగా కనిపించవు. వంటింటి సింకుకు నా మొదటి ఓటు దీనికే.

అయితే స్టీలు అనగానే సముద్రం ఒడ్డున కూడా దిగులు లేదనుకోవద్దు. ఉప్పు గాలికి, ఉప్పు నీళ్లకు 304 మీద కూడా చిన్న చిన్న గుంటలు, టీ రంగు మరకలు వస్తాయి. మాలిబ్డినం కలిపిన 316 బాగా ఆగుతుంది కానీ కుళాయిల్లో అది అరుదు, ఖరీదు ఎక్కువ. మార్కెట్‌లో 202 గ్రేడు స్టీలును కూడా "ఎస్‌ఎస్" అని అమ్ముతారు. అయస్కాంతం పెట్టి చూపిస్తే నమ్మకండి. 304కు అయస్కాంతం అంటుకోదు, 202కూ దాదాపు అంటుకోదు. గ్రేడు డబ్బా మీద, బిల్లు మీద రాసి ఉందో లేదో చూడటమే మార్గం.

### పీటీఎంటీ ప్లాస్టిక్

షాపులో "పీటీఎంటీ" అని అడిగితే తెల్లగానో, క్రోమ్ రంగులోనో ఉండే తేలికపాటి కుళాయి ఇస్తారు. బకెట్ల ప్లాస్టిక్ కాదు ఇది, గట్టి ఇంజనీరింగ్ ప్లాస్టిక్. దీన్ని చిన్నచూపు చూడటం నాకు నచ్చదు. ఈ నాలుగింటిలో ఉప్పు నీళ్లకు తుప్పు పట్టని కుళాయి ఇదొక్కటే. ధర ఇత్తడిలో చిన్న వంతు. పెరట్లో, వాకిట్లో, టెర్రస్ మీద ఇత్తడి కుళాయి పెడితే పాత సామాన్లకు అమ్ముకోవడానికి ఎవరో ఒకరు విప్పుకుపోతారు. దీని జోలికి ఎవరూ రారు.

గీజర్ నుంచి వచ్చే వేడినీళ్ల లైనుకు మాత్రం దీన్ని పెట్టొద్దు. ఎండలో ఏళ్ల తరబడి ఉంటే పెళుసెక్కుతుంది. ప్లంబర్ బలమంతా పెట్టి పానాతో బిగిస్తే మర చిట్లుతుంది. చేత్తో బిగించి, ఆపైన కొద్దిగా తిప్పితే చాలు. చెడిపోతే రిపేరు చేయించడం కంటే కొత్తది కొనడమే తేలిక.

### జింక్ అల్లాయ్

కొనకండి. బరువుగా ఉంటుంది, మెరుస్తుంది, ఇత్తడి కంటే చవక. నీళ్లు తగిలే చోట లోపలి నుంచి తినేసుకుంటూ వస్తుంది, పైన క్రోమ్ పొక్కులు కడుతుంది. గుర్తుపట్టడానికి కుళాయి వెనక, గోడలోకి వెళ్లే మర లోపలికి చూడండి. పూత పడని ఆ చోట పసుపు రంగుంటే ఇత్తడి. బూడిద తెలుపు ఉంటే ఇది. మంచి ఇత్తడి కుళాయిలకు కూడా పిడి మాత్రం జింక్ అల్లాయ్‌తో చేయడం మామూలే. పిడికి నీళ్లు తగలవు కాబట్టి దాని గురించి కంగారు అక్కర్లేదు.

| | ఇత్తడి | స్టీలు 304 | పీటీఎంటీ | జింక్ అల్లాయ్ |
|---|---|---|---|---|
| సున్నం నీళ్లు | ఆగుతుంది, మరకలు తుడవాలి | ఆగుతుంది | ఆగుతుంది | పూత ఉబ్బుతుంది |
| ఉప్పు నీళ్లు | నాణ్యమైనదైతే ఫర్వాలేదు | గుంటలు పడవచ్చు | చాలా బాగా ఆగుతుంది | ఆగదు |
| గీజర్ లైను | సరే | సరే | వద్దు | వద్దు |
| ఎండ, ఆరుబయట | సరే, దొంగల భయం | సరే | మెల్లగా పెళుసెక్కుతుంది | వద్దు |
| లోపలి భాగాలు | సులువుగా దొరుకుతాయి | బ్రాండును బట్టి | కొత్తది కొనడమే | కొత్తది కొనడమే |
| ధర | మధ్య నుంచి ఎక్కువ | మధ్య నుంచి ఎక్కువ | చాలా తక్కువ | తక్కువ |

## లోపల వాషరా, సిరామిక్ డిస్కా?

పాత కుళాయి గుండ్రంగా మూడు నాలుగు చుట్లు తిరుగుతుంది. పిడికి తగిలించిన కడ్డీ, అంటే స్పిండిల్, కిందికి దిగి రబ్బరు వాషర్‌తో నీటి దారి మూస్తుంది. వాషర్ అరిగితే బొట్లు కారుతుంది. ఏ మండల కేంద్రంలోనైనా, ఏ చిన్న హార్డ్‌వేర్ కొట్లోనైనా కొన్ని రూపాయలకు కొత్త వాషర్ దొరుకుతుంది. మెయిన్ వాల్వు కట్టేసి, పానా ఉంటే మీరే మార్చుకోవచ్చు.

ఇప్పటి కుళాయిల్లో ఎక్కువ భాగం పావు చుట్టు తిప్పితే తెరుచుకునేవి. లోపల ఒకదాని మీద ఒకటి జారే రెండు సిరామిక్ బిళ్లలుంటాయి. అరుగుదల చాలా తక్కువ, ఒక్క వేలితో తిరుగుతుంది, ఎవరూ బలంగా బిగించాల్సిన పని లేదు. చెడితే మాత్రం ఆ బిళ్లలున్న స్పిండిల్ లేదా కార్ట్రిడ్జ్ మొత్తం మార్చాలి. మిక్సర్లలో కార్ట్రిడ్జ్‌లు ఎక్కువగా 35, 40 మిల్లీమీటర్ల సైజుల్లో వస్తాయి, కానీ ఒక కంపెనీది ఇంకో కంపెనీ దాంట్లో కూర్చుంటుందన్న గ్యారంటీ లేదు.

నదీజలాలు, మున్సిపల్ నీళ్లు వచ్చే ఇంటికి సిరామిక్ డిస్క్ అనేది రెండో ఆలోచన లేని ఎంపిక. సున్నం, ఇసుక రెండూ ఉన్న బోరు నీళ్లకు కొంచెం ఆలోచించాలి. బిళ్లల మధ్య సున్నం చేరితే పిడి బిగుస్తుంది, చిన్న గులక చిక్కుకుంటే కారడం మొదలవుతుంది. ట్యాంకు నుంచి దిగే లైనులో ఒక జాలీ ఫిల్టర్ పెట్టించగలిగితే సిరామిక్‌కే వెళ్లండి. పెట్టించలేని పల్లెటూరి ఇంట్లో, పెరటి కుళాయికి, పశువుల తొట్టి దగ్గర పాత వాషర్ కుళాయే మేలు.

బొట్లు కారడాన్ని చాలామంది పట్టించుకోరు. సెకనుకు ఒక బొట్టు చొప్పున కారితే రోజుకు సుమారు 20 లీటర్లు పోతాయి. అంటే ఒక బకెట్టు. ట్యాంకర్ కొనుక్కునే కాలనీలో ఇది డబ్బు ఖర్చు కూడా.

## స్నానం దగ్గర: విడి కుళాయిలు, వాల్ మిక్సర్, డైవర్టర్

అసలు డబ్బు పోయేదీ, అసలు పేచీ వచ్చేదీ ఇక్కడే.

మన ఇళ్లలో చాలామంది ఇప్పటికీ బకెట్టుతోనే స్నానం చేస్తారు. షోరూంలో దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. బకెట్టు కుళాయి నేల నుంచి రెండడుగుల పైనే ఉండాలి, ముక్కు గోడకు దూరంగా సాగి ఉండాలి. లేకపోతే పెద్ద బకెట్టు కింద పట్టదు, పట్టినా సగం నీళ్లు గోడ మీదే పడతాయి. పొడుగు ఒంటి కుళాయి కావాలంటే "లాంగ్ బాడీ" అని అడగండి.

వేడికొకటి, చన్నీళ్లకొకటి విడి కుళాయిలు. అన్నిటికంటే చవక, అన్నిటికంటే సులువు. ప్రెషర్ తక్కువున్నా బకెట్టు నిండుతుంది. చెడితే ఒక్కటే మార్చుకోవచ్చు. షవర్‌కు మాత్రం కుదరదు. ఇంకో జాగ్రత్త కూడా అవసరం: గీజర్‌లో నీళ్లు 60 డిగ్రీలుంటే కొన్ని సెకన్లలోనే చర్మం కాలుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ముందు చన్నీళ్లు పట్టి, తర్వాత వేడినీళ్లు కలపడం అలవాటు చేయండి.

వాల్ మిక్సర్. గోడ మీద బయటికే కనిపించే అడ్డ కడ్డీ లాంటిది. రెండు పక్కలా రెండు పిడులు, మధ్యలో బకెట్టుకు ముక్కు, పైకి షవర్ గొట్టం. రెండు పైపుల మధ్య దూరం సుమారు 150 మిల్లీమీటర్లు, అంటే ఆరంగుళాలు. కొద్దిగా అటూ ఇటూ అయినా వంకర కాళ్లతో సర్దుకుంటుంది. ఈ కొలత దాదాపు అన్ని కంపెనీలకూ ఒకటే కాబట్టి, పదేళ్ల తర్వాత ఈ కంపెనీది తీసి ఆ కంపెనీది పెట్టుకోవచ్చు. టైల్స్ జోలికి పోనక్కర్లేదు. చూడటానికి పాతకాలం దానిలా ఉందని కొత్తగా కట్టేవాళ్లు దీన్ని పక్కన పెడుతున్నారు. నన్నడిగితే మధ్యతరగతి తెలుగు ఇంటికి ఇంతకంటే తెలివైన ఎంపిక లేదు.

సింగిల్ లివర్ డైవర్టర్. నీళ్లను షవర్‌కో, బకెట్టు ముక్కుకో మళ్లించేది. అసలు ఒళ్లంతా గోడలో దాగి, బయట ఒక పలక, ఒక పిడి మాత్రమే కనిపిస్తాయి. ఒక్క పిడితోనే నీళ్లు వదలడం, వేడి సర్దడం రెండూ అయిపోతాయి. ఆల్ మోయెన్ అనే అమెరికన్ విద్యార్థి 1937లో రెండు పిడుల కుళాయి దగ్గర వేడినీళ్లతో చేతులు కాల్చుకున్నాక ఈ ఒంటి పిడి ఆలోచన చేశాడు. వాడకంలో అంత సుఖం ఇంకోదానిలో లేదు, ఒప్పుకుంటాను. బాత్‌రూమ్ కూడా విశాలంగా, శుభ్రంగా కనిపిస్తుంది.

కానీ దానికి షరతులున్నాయి. టైల్స్ వేయకముందే గోడలో బిగించాలి, కాబట్టి అందరికంటే ముందు కొనాల్సిన వస్తువు ఇదే. గోడలో ఎంత లోతున కూర్చోవాలో దాని మీద గీత ఉంటుంది. ప్లంబర్ ఆ గీత పాటించకపోతే పై పలక టైల్స్‌కు ఆనదు, లేదా పిడి లోపలికి కూరుకుపోతుంది. కార్ట్రిడ్జ్‌ను ముందువైపు నుంచే తీయవచ్చు కానీ, ఆ ఒళ్లే కారడం మొదలైతే టైల్స్ పగలక తప్పదు. అప్పటికి అదే రంగు టైల్స్ మార్కెట్‌లో దొరకవు. రేపు కంపెనీ ఆ మోడల్ ఆపేస్తే పై పలక కూడా దొరకదు. అందుకని దీనికి మాత్రం సర్వీసు సెంటర్ మీ ఊళ్లోనో పక్క పట్టణంలోనో ఉన్న పాత, పేరున్న కంపెనీదే తీసుకోండి. అదే మోడల్ ఇంకో కార్ట్రిడ్జ్ కొని బీరువాలో పెట్టుకోండి.

ప్రెషర్ తక్కువున్న ఇంట్లో, సున్నం నీళ్లున్న ఇంట్లో డైవర్టర్ నేను సిఫారసు చేయను. ప్రెషర్ పంపు, సున్నం తగ్గించే సాఫ్ట్‌నర్ రెండూ పెట్టిస్తామంటే అప్పుడు వేరే మాట.

మరో చిన్న విషయం. ఒంటి పిడి మిక్సర్‌ను వాష్‌బేసిన్ దగ్గర మధ్యలో ఉంచి తెరిస్తే ప్రతిసారీ కొంత గీజర్ నీరు లాగుతుంది. చేయి కడుక్కుని కట్టేసేలోపు వేడి మన దాకా రాదు, కరెంటు మాత్రం ఖర్చవుతుంది. పిడిని చన్నీళ్ల వైపు పెట్టే అలవాటు చేసుకోవాలి.

## రంగుల సంగతి

క్రోమ్ అంటే మామూలు అనిపించవచ్చు. కానీ గట్టిగా ఉంటుంది, తుడిస్తే మెరుస్తుంది, ఏ కంపెనీది పక్కన పెట్టినా రంగు కలుస్తుంది. ఇప్పుడు అందరూ అడుగుతున్నది మ్యాట్ బ్లాక్. సున్నం నీళ్లున్న ఇంట్లో నల్ల కుళాయి మీద ప్రతి చుక్కా తెల్ల మచ్చగా ఆరుతుంది. రోజూ పొడి గుడ్డతో తుడిచే ఓపిక ఉంటేనే దాని జోలికి వెళ్లండి. నలుపులో, బంగారు రంగులో రెండు రకాలుంటాయి: పెయింట్ లేదా పౌడర్ పూత వేసినవి, పీవీడీ పద్ధతిలో, అంటే లోహాన్ని ఆవిరి చేసి పలచటి పొరగా, పూత ఎక్కించినవి. పీవీడీ గీతలకు బాగా ఆగుతుంది, ధరా ఎక్కువే. ఏ రకమో అడిగి బిల్లు మీద రాయించుకోండి.

ఏ రంగైనా బాత్‌రూమ్ కడిగే యాసిడ్ దానికి యముడు. అందులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం క్రోమ్‌నీ, స్టీలునీ రెండింటినీ తినేస్తుంది. నేల మీద పోసినా ఆ పొగలు చాలు, కుళాయి మెరుపు పోవడానికి. సున్నం పొరకు నిమ్మఉప్పు నీళ్లో, వెనిగరో గుడ్డకు తడిపి పది నిమిషాలు చుట్టి, తర్వాత మంచినీళ్లతో కడిగితే సరిపోతుంది. పనిమనిషికి కూడా ఈ మాట ముందే చెప్పి పెట్టండి.

## బాత్‌టబ్ కావాలనుకునేవాళ్లకు

పాత కాస్ట్ ఐరన్ టబ్ అందం వేరు. 1883లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో జాన్ మైకేల్ కోలర్ పశువులకు నీళ్లు పెట్టే ఇనుప తొట్టికి ఎనామిల్ పూసి స్నానపు తొట్టిగా అమ్మాడు. అలాంటి టబ్బులు తరాలు నడుస్తాయి, వేడి చాలాసేపు నిలుపుతాయి. బరువు మాత్రం 150 కిలోల పైమాటే. అందులో 150 లీటర్ల నీళ్లు, ఒక మనిషి కలిస్తే 370 కిలోలు ఒకే చోట. మన ఇళ్ల స్లాబులను సాధారణంగా చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడకపు బరువుకు లెక్కేస్తారు. పై అంతస్తులో పెట్టాలంటే ఇంజనీరును అడగకుండా పెట్టొద్దు. యాక్రిలిక్ టబ్ పాతిక ముప్ఫై కిలోలే, కానీ గీతలు పడుతుంది, వేడి త్వరగా పోతుంది.

ఇంతకంటే ముందు గీజర్ లెక్క చూడండి. 25 డిగ్రీల నీళ్లను 40 డిగ్రీలకు తెచ్చి 150 లీటర్ల టబ్ నింపాలంటే, 60 డిగ్రీల వేడినీళ్లు సుమారు 65 లీటర్లు కావాలి. మన ఇళ్లలో ఉండే 15, 25 లీటర్ల గీజర్ దీనికి చాలదు. సోలార్ హీటరో, పెద్ద గీజరో ఉంటేనే టబ్ గురించి ఆలోచించండి.

## ఎవరికి ఏది

సొంత ఇల్లు, బోరు నీళ్లు, ఒకటో రెండో అంతస్తులు: ఇత్తడి ఒళ్లు, క్రోమ్ పూత, బాత్‌రూంలో వాల్ మిక్సర్, లైనుకు జాలీ ఫిల్టర్. ఇంకా గోడలు లేస్తున్న దశలోనే ఉంటే ట్యాంకు దిమ్మె ఇంకో ఐదడుగులు పైకి లేపండి. ఖరీదైన షవర్ మీద పెట్టే డబ్బు కంటే అది ఎక్కువ ఫలితం ఇస్తుంది.

అపార్ట్‌మెంట్, మున్సిపల్ నీళ్లు, ప్రెషర్ బాగుంది: మీకు అన్ని దారులూ తెరిచే ఉన్నాయి. మాస్టర్ బాత్‌రూంలో డైవర్టర్ సరదా తీర్చుకోండి, మిగతా వాటిలో వాల్ మిక్సర్ పెట్టండి. పాత ఫ్లాట్ కొని మరమ్మతు చేయిస్తుంటే, టైల్స్ మార్చే ఉద్దేశం లేకపోతే, డైవర్టర్ మాట మర్చిపోండి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర ప్రాంతం: ఆరుబయట అంతా పీటీఎంటీ. లోపల బరువైన, నాణ్యమైన ఇత్తడి. చవక స్టీలు వద్దు. గోడ దగ్గర నీళ్లు కట్టేసే యాంగిల్ వాల్వులను నెలకొకసారి తిప్పి వదులుతుండండి, లేకపోతే అవసరమైన రోజున తిరగవు.

అద్దెకిచ్చే ఇల్లు: ఇక్కడ చాలామంది ఓనర్లు అన్నిటికంటే చవకవి పెట్టేసి, ప్రతి అద్దెదారు దగ్గరా ఫోన్లు అందుకుంటుంటారు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ మధ్యరకం ఇత్తడి కుళాయి అన్ని పోర్షన్లకూ పెట్టండి. రెండు స్పిండిళ్లు దగ్గర ఉంచుకుంటే ఎక్కడ చెడినా అవే సరిపోతాయి. వాటర్ ట్యాంకర్ల ఖర్చు భరించేది మీరే అయితే వాష్‌బేసిన్ కుళాయిలకు నురగలాగా నీళ్లొచ్చే ఏరేటర్ పెట్టించండి.

పెద్దవాళ్లున్న ఇల్లు: గుండ్రటి, జారిపోయే పిడులు తీసేయండి. పొడుగాటి లివర్ పిడి ఉంటే వేళ్లు వంగకపోయినా మణికట్టుతో తోసి తెరవచ్చు. అలాంటి పిడులున్న వాల్ మిక్సర్లూ దొరుకుతాయి. వేడిని ఒక స్థాయి దాటనివ్వని థర్మోస్టాటిక్ మిక్సర్ మంచిదే కానీ, దానికి ప్రెషర్ కావాలి, సున్నం పడదు. వాళ్ల బాత్‌రూంలో కుళాయి కంటే ముందు గోడకు గట్టి పట్టుకునే కడ్డీ బిగించండి. దాన్ని టవల్ రాడ్‌తో సరిపెట్టొద్దు, అది మనిషి బరువుకు ఊడిపోతుంది.

## బిగించే రోజు

కుళాయిలు పెట్టకముందు ట్యాంకు కడిగించి, పైపు లైన్లను నాలుగైదు నిమిషాలు పూర్తిగా తెరిచి వదలండి. పైపుల్లో ఉండిపోయిన సిమెంటు, ఇసుక, పైపు కోసినప్పటి తురుము బయటికి పోవాలి. కొత్త సిరామిక్ కుళాయి మొదటి వారంలోనే కారితే ఎక్కువసార్లు కారణం ఈ చెత్తే.

సీపీవీసీ ప్లాస్టిక్ పైపు చివర కుళాయి బిగించే చోట ఇత్తడి మర ఉన్న ఎల్బో (వంపు ముక్క) వాడమనండి. ప్లాస్టిక్ మరలోకి నేరుగా ఇత్తడి కుళాయి ఎక్కిస్తే ఏదో ఒక రోజు గోడలో చిట్లుతుంది. మరకు టెఫ్లాన్ టేప్ సరిపడా చుట్టాలి. ఎక్కువ చుట్టి బలవంతంగా ఎక్కించినా పగుళ్లు వస్తాయి.

టైల్స్ వేయకముందు గోడల్లో పైపులు ఎటు పోతున్నాయో, పక్కన టేపు పెట్టి ఫోటోలు తీసుకోండి. రేపు అద్దం కోసమో, కడ్డీ కోసమో డ్రిల్ చేసేవాడికి ఇవి చూపించాలి. టైల్స్ వేసేముందే లైనులో ప్రెషర్ పెట్టి ఒక రాత్రంతా ఉంచమనండి. డైవర్టర్ పెట్టిన గోడను మరీ జాగ్రత్తగా చూడండి. కమోడ్ పక్కనుండే హెల్త్ ఫాసెట్ గొట్టానికి వాడాక యాంగిల్ వాల్వు కట్టేయమని ఇంట్లో అందరికీ చెప్పండి. రోజంతా ప్రెషర్ మీద ఉండే ఆ గొట్టం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు పగిలితే ఇల్లంతా నీళ్లే.

బిల్లు, వారంటీ కార్డు, మోడల్ నంబర్ ఉన్న డబ్బా ముక్క మూడూ ఒక కవర్లో పెట్టి, కరెంటు మీటర్ కాగితాలున్న చోటే దాచండి. ఆరేళ్ల తర్వాత కార్ట్రిడ్జ్ కొనడానికి వెళ్లినప్పుడు షాపువాడు మొదట అడిగేది ఆ నంబరే.